మామ్మ అలిగిన కార్తీకం

మా కోనసీమలో దేవుడి గురించి తెలియనివాళ్ళు ఎవరూ ఉండరు. డిసెంబరు వచ్చిందంటే తెల్లారగట్ల రామాలయం మైకులో ధనుర్మాసం పాశురాలు, రాత్రి పొద్దుపోయాక మా పేటలో క్రిస్మస్ కేరల్స్ డప్పులు. అమలాపురం నుంచి ముమ్మిడివరం వెళ్ళే దారిలో ఏ ఊళ్ళో పుట్టినా ఈ రెండూ ఒకే మంచులో వింటూ పెరగాల్సిందే.

మాది బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖ మందిరం. ఆ మాట వినగానే కొందరు కొత్తగా చూస్తారు కాబట్టి కాస్త చెబుతాను. 1836లో మిషనరీ ఆంథనీ నారిస్ గ్రోవ్స్ వెంట విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు కుటుంబాలతో ఇంగ్లండు నుంచి వచ్చారు. నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో స్థిరపడి తెలుగు నేర్చుకుని సువార్త చెప్పారు. దాన్నే గోదావరి డెల్టా మిషన్ అన్నారు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయింది. ఆ రోజుల్లో ఆనకట్ట దగ్గర రాళ్ళు మోసిన కూలీల మధ్య బౌడెన్ గారు తిరిగి వాక్యం చెప్పారు. అంటే మా పొలాల్లోకి నీళ్ళూ, మా ఇళ్ళల్లోకి బైబిలూ ఇంచుమించు ఒకే కాలంలో వచ్చాయన్నమాట. కాటన్ దొర విగ్రహాలు డెల్టా నిండా ఉన్నాయి. బౌడెన్ గారి విగ్రహం నాకెక్కడా కనపడలేదు. బ్రదరెన్ వాళ్ళకి విగ్రహాలు గిట్టవు కూడాను, పెట్టినా ఆయన ఒప్పుకునేవాడు కాదు.

మందిరమంటే పెంకుల కప్పు, సున్నం గోడలు, గోడ మీద నీలంతో రాసిన వాక్యం, అంతే. జీతం తీసుకునే పాస్టరు ఉండడు, పెద్దలే నడిపిస్తారు. ప్రతి ఆదివారం యేసు మరణాన్ని తలుచుకుంటూ రొట్టె విరవడం. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ముసుగేసుకుని ఒకవైపు, చాపల మీద. ఆరాధనలో ఆడవాళ్ళు పైకి ప్రార్థన చెయ్యరు. స్త్రీల కూడిక వేరేగా ఉంటుంది, అక్కడ చేస్తారు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా మామ్మ ప్రార్థన మగవాళ్ళెవరికీ తెలియదు, ఇంట్లోవాళ్ళకి తప్ప.

సండే స్కూల్లో మాకు దేవుడి గురించి బాగా నేర్పారు. ఆ మాట దాచకుండా చెప్పాలి. 66 పుస్తకాలు, పాతవి 39, కొత్తవి 27. పెద్ద కీర్తన 119వది, అందులో 176 వచనాలు. ఎవరు ముందు వాక్యం తీస్తే వాళ్ళకి పెన్సిలు. బంగారు వాక్యం కంఠతా పట్టి రాకపోతే నించోవాలి. అందుకని బద్ధకపు పిల్లలందరూ యోహాను 11:35 పట్టుకునేవారు. "యేసు కన్నీళ్లు విడిచెను." మూడే మాటలు. ఒక ఆదివారం అయిదుగురు వరసగా లేచి అదే చెబితే మాస్టారు నెత్తి కొట్టుకున్నారు. ఇంటికొచ్చి ఈ సంగతి నవ్వుతూ చెప్పాను. మామ్మ నవ్వలేదు. "ఎవరికోసం ఏడ్చేడో అడిగేరా మాస్టారు?" అంది. చనిపోయిన స్నేహితుడు లాజరు కోసం అన్నాను. "లాజరుని లేపుతానని ఆయనకి తెలుసు కదా, మరెందుకు ఏడ్చినట్టు?" అంది. నా దగ్గర జవాబు లేదు, తనూ చెప్పలేదు. చేటలో బియ్యం చెరుగుతూ కూర్చుంది.

మామ్మ అంటే చదువురాని ముసలామె అనుకునేరు. కాదు. ఆమె పుట్టిల్లు నర్సాపురం దగ్గర. దొరసానుల బడిలో చదువుకుంది. బైబిల్లో వంశావళులుండే దినవృత్తాంతాల్లో ఎవరి కొడుకెవరో మాస్టారు తడబడినా ఆమె తడబడేది కాదు. చదువుకోనివాళ్ళకే దేవుడు బాగా తెలుస్తాడని, బైబిలు చదివితే భక్తి పోతుందని ఇప్పుడు కొందరు గొప్పగా ప్రసంగాలు చేస్తున్నారు. అది సోమరితనానికి వేసిన ముసుగని నా అభిప్రాయం. మనిషి గురించి ఏమీ తెలుసుకోకుండా ఆ మనిషి నాకు ఆప్తుడని ఎలా అంటాం? అయితే తెలుసుకున్నదంతా పోగుపడినంత మాత్రాన ఆప్తత రాదు. ఆ తేడా నాకు పుస్తకాల్లో కాదు, మామ్మ వంటింట్లో కనపడింది.

మందిరంలో పెద్దల ప్రార్థన ఇలా ఉండేది: "భూమ్యాకాశములను సృజించిన సర్వశక్తిగల దేవా, అబ్రాహాము ఇస్సాకు యాకోబుల దేవా, ఇశ్రాయేలీయులను ఐగుప్తులో నుండి విడిపించిన తండ్రీ..." దేవుడు ఏమేం చేశాడో దేవుడికే పూసగుచ్చినట్టు చెప్పాక చివర్లో అడగాల్సింది ఒక్క ముక్క అడిగేవారు. పిల్లలం కళ్ళు తెరిచి తూనీగల్ని చూసుకునేవాళ్ళం. ఎగతాళి కాదు. ఆ పెద్దలు భయభక్తులున్నవాళ్ళే.

మామ్మ తెల్లారగట్ల నాలుగింటికి లేచి పొయ్యిలో బూడిద తీస్తూ మొదలుపెట్టేది. "నాయనా, చంటోడికి దగ్గు తగ్గలేదు. నిన్న చెప్పేను కదా."

ఆ "నిన్న చెప్పేను కదా" అన్నది చూడండి. నిన్న ఎక్కడ ఆపిందో ఇవాళ అక్కణ్ణుంచి అందుకునేది. పరిచయ వాక్యాలు ఉండేవి కావు. ఆమెన్ కూడా ఒక్కోసారి ఉండేది కాదు, పాలావిడ పిలిస్తే మధ్యలో లేచి వెళ్ళేది. వచ్చి, "ఆఁ, ఏం చెబుతున్నాను..." అనేది. ఎవరితో అంటోందో మాకు వేరే చెప్పక్కర్లేదు.

మా మాస్టారే ఒకసారి 23వ కీర్తన చెబుతూ ఒక సంగతి చూపించారు. మొదటి మూడు వచనాల్లో దావీదు "ఆయన" అంటాడు. ఆయన పచ్చికగల చోట్ల నన్ను పరుండజేయుచున్నాడు, ఆయన నడిపించుచున్నాడు. నాలుగో వచనంలో గాఢాంధకారపు లోయ రాగానే "నీవు నాకు తోడై యుందువు" అంటాడు. పచ్చిక మీద ఉన్నంతసేపూ దేవుడి గురించి మనకి చెప్పినవాడు, చీకట్లోకి రాగానే మనల్ని వదిలేసి ఆయన వైపు తిరిగాడు. అక్కణ్ణుంచి కీర్తన చివర్లో గానీ మళ్ళీ మన వైపు తిరగడు. మాస్టారు ఇది చెప్పి ఊరుకున్నారు, మేం రాసుకున్నాం. నాకది అర్థమవడానికి తుపాను రావాల్సొచ్చింది.

ముందు పిడికెడు బియ్యం సంగతి చెప్పాలి. మా పేటలో ప్రతి విశ్వాసి ఇంట్లోనూ ఉండేది. ఎసరు పెట్టి, తవ్వతో బియ్యం కొలిచాక, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వెయ్యాలి. బస్తాలోంచి కాదు, వండబోయే దాంట్లోంచే. అంటే ఇంట్లోవాళ్ళ కంచాల్లోంచి ఆ పిడికెడు తగ్గుతుందన్నమాట. మా ఇంట్లో అది పాత డాల్డా డబ్బా. పచ్చరంగు పోయి, తాటిచెట్టు బొమ్మలో మొదలు మాత్రమే మిగిలింది. మూతకి పురికొస కట్టి ఉండేది. పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి. మామ్మ పిడికిలి బిగించి తీసేది కాదు, వేళ్ళు కాస్త వదులు చేసి నిండా తీసేది. గింజలు డబ్బా అడుగున పడ్డ చప్పుడుని బట్టి వారంలో ఎన్నో రోజో చెప్పొచ్చు. సోమవారం గణగణమనేది, శనివారానికి చప్పుడే ఉండదు. ఆదివారం దాన్ని మందిరానికి పట్టుకెళ్ళేవాళ్ళం.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కాకినాడకి దక్షిణంగా తీరం దాటింది. నేనప్పుడు కాకినాడలో చదువుకుంటున్నాను. యానాం దగ్గర ఎదుర్లంక వంతెన ఇంకా లేదు, రేవు దాటే మాటే లేదు. రావులపాలెం మీదుగా చుట్టు తిరిగి, దారికడ్డంగా పడ్డ చెట్లని ఎక్కి దిగుతూ ఊరు చేరాను. ఎరిగున్న ఊరే, ఎక్కడున్నానో తెలియలేదు. కొబ్బరిచెట్లు లేకపోతే కోనసీమకి గుర్తులేముంటాయి? ఆకాశం మరీ ఎక్కువగా కనపడింది. తాతయ్య పాతిన చెట్లన్నీ ఒకేవైపు తలలు పెట్టి పడుకున్నాయి. కొన్ని నడిమికి విరిగి మోళ్ళు మిగిలాయి. రెండు నెలలకోసారి వచ్చే కొబ్బరి దింపు డబ్బుల మీదే మామ్మ ఇల్లు నడిచేది.

చెట్లు సరే. భైరవపాలెం వైపు వేటకెళ్ళినవాళ్ళు చాలామంది తిరిగిరాలేదు. జిల్లాలో పోయినవాళ్ళు వెయ్యి మందికి పైనే. మా పేటలో గోడ కూలి ఒక తల్లీ, బిడ్డా పోయారు. మందిరం పెంకులు ఎగిరిపోయాయి, నీలంతో రాసిన వాక్యం సగం జారిపోయింది.

నేనొచ్చిన మర్నాడు తెల్లవారుజామున మెలకువొచ్చింది. పొయ్యి దగ్గర బూడిద తీస్తున్న చప్పుడుంది. మాట లేదు. ఏదో తేడాగా అనిపించింది. వెళ్ళి చూస్తే మామ్మ పెదాలు బిగించుకుని పని చేసుకుంటోంది.

"ప్రార్థన చేసుకోలేదా మామ్మా?" అన్నాను.

"నేనాయనతో మాట్టాడ్డం లేదు."

అంతే. కళ్ళనీళ్ళు లేవు, గొంతు వణకలేదు. పక్కింటావిడతో గొడవైనప్పుడు ఎలా అనేదో అలాగే అంది.

నాకు భయం వేసింది. మామ్మకి విశ్వాసం పోయిందనుకున్నాను. అమ్మ కూడా అదే అనుకుని పెద్దల్ని పిలుద్దామంది. అప్పటికి ఎసరు కాగింది. మామ్మ తవ్వతో బియ్యం కొలిచింది. ఇంట్లో ఉన్నవే తడిసిన బియ్యం, సర్కారు ఇచ్చేవి ఇంకా అందలేదు. కొలిచి, అందులోంచి ఎప్పట్లానే వేళ్ళు వదులు చేసి ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసింది. పొద్దున్నా వేసింది, సాయంత్రమూ వేసింది.

నేనుండబట్టలేక అడిగాను. "మాట్టాడ్డం లేదన్నావు కదా, మరిదేంటి?"

"మాటలు లేవని అన్నం పెట్టడం మానేస్తామేంటి?" అంది, నన్నో వెర్రివాణ్ణి చూసినట్టు చూసి.

తాతయ్య బతికున్నప్పుడు వాళ్ళిద్దరికీ మాటలు లేని రోజులు నాకు గుర్తున్నాయి. కంచం పెట్టేది, మంచినీళ్ళు పెట్టేది, మాట మాత్రం గోడకి చెప్పేది. ఇదీ అంతే. అప్పుడు అమ్మకున్నలాంటి నా భయం పోయింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళ మీద ఎవరలుగుతారు? దేవుడు లేడనుకున్న మనిషి ప్రార్థన మానేస్తుంది గానీ, మాట్లాడ్డం లేదని పట్టుబట్టదు. కార్తీకమంతా ఇలాగే గడిచింది. మందిరానికి వచ్చేది, ముసుగేసుకుని కూర్చునేది, పాట పాడేది కాదు.

ఆ రోజుల్లోనే వేరే ఊరి నుంచి ఒక బోధకుడు సహాయం బట్టలతో వచ్చి, పైకప్పు లేని మందిరంలో, బైబిల్లో ఆస్తినీ పిల్లల్నీ పోగొట్టుకున్న యోబు ఓర్పు గురించి చెప్పాడు. యోబులా కిక్కురుమనకుండా భరించాలన్నాడు. మంచి మనిషే, తెచ్చిన దుప్పట్లు తన చేత్తో పంచాడు. ఆయన వెళ్ళాక నేను యోబు గ్రంథం మొదట్నుంచీ చదివాను. సండే స్కూల్లో చదివింది మొదటి రెండు అధ్యాయాలూ, చివరి అధ్యాయమూను. మధ్యలోది ఎవరూ కంఠతా పట్టించరు.

కిక్కురుమనకపోవడం ఎక్కడుంది? మూడో అధ్యాయంలో నోరు తెరిచి తను పుట్టిన దినాన్ని శపించినవాడు, మళ్ళీ ముప్పై ఒకటో అధ్యాయం చివర గానీ ఊరుకోడు. నా మీద ఎందుకు పగబట్టావని, నా ఉమ్మి మింగేదాకా నన్ను వదలవా అని దేవుణ్ణే నిలదీస్తాడు. ముగ్గురు స్నేహితులు, ఎలీఫజు, బిల్దదు, జోఫరు, దేవుడి గురించి చెప్పినవాటిలో చాలామటుకు మన ప్రసంగాల్లో వినపడేవే. దేవుడు న్యాయవంతుడు, ఆయన గద్దింపుని తోసెయ్యొద్దు, ఆయన జ్ఞానం లోతు మనకి అందదు. తప్పేముంది? కానీ మొదటి నుంచి చివరిదాకా వెతికి చూశాను. ఆ ముగ్గురిలో ఒక్కరు కూడా ఒక్కసారి కూడా దేవుడితో మాట్లాడరు. యోబు ఒక్కడే వాళ్ళకి జవాబు చెబుతూ చెబుతూ మధ్యలో అటు తిరిగి "నువ్వు" అంటాడు. ఆఖర్న దేవుడు ఎలీఫజుతో ఏమన్నాడు? నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్ను గురించి యుక్తమైనది పలకలేదు, నా కోపం మీ మీద మండుతోంది అన్నాడు. నలభై రెండో అధ్యాయం ఏడో వచనం. నాకైతే ఒళ్ళు జలదరించింది. నిష్ఠూరాలాడినవాడి మాట నిలబడింది, సిద్ధాంతం చెప్పినవాళ్ళది నిలబడలేదు.

యేసు మాత్రం? సిలువ మీద "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అన్నది 22వ కీర్తన మొదటి మాట. తిట్టు లాంటి ప్రశ్నే. అయినా ముందు రెండుసార్లు "నా" ఉంది. ఆ ముందు రాత్రి చేసిన ప్రార్థనలో, అద్వితీయ సత్యదేవుడవైన నిన్నును, నీవు పంపిన యేసుక్రీస్తును ఎరుగుటయే నిత్యజీవము అని ఆయనే అన్నాడు. యోహాను 17:3. చిన్నప్పుడు ఆ వాక్యానికి నాకు పెన్సిలు వచ్చింది. ఎరుగుటలో ఇంత గొడవ కూడా ఉంటుందని అప్పుడెవరు చెబుతారు?

మామ్మ అలక ఎలా తీరిందో చెబుతాను. పెద్ద సంగతేం కాదు. డిసెంబరులో, తుపాను నీళ్ళు బావుల్లో కలిసి, పేటలో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పక్కింటి పిల్లకి ఒకరాత్రి కళ్ళు తేలేశాయి. రిక్షాలో అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వాళ్ళు వీధి మలుపు తిరిగేవరకూ మామ్మ గుమ్మంలో నించుని చూసింది. తర్వాత లోపలికొచ్చి, పొయ్యి దగ్గర చతికిలబడి, గట్టిగానే అంది:

"ఇదుగో. నా సంగతి తర్వాత తేల్చుకుందాం. ముందా పిల్ల సంగతి చూడు."

పిల్ల బతికింది. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. మామ్మ ప్రార్థన వల్ల బతికిందని నేనిక్కడ సాక్ష్యం చెప్పబోవడం లేదు, సెలైన్ కూడా ఎక్కించారు. పేటలో మరో ఇంట్లో పసివాడు బతకలేదు, వాడి కోసమూ మామ్మ అడిగింది. నేను చెప్పేది మాటలు మళ్ళీ కలిసిన తీరు గురించి. యోబు క్షేమం కూడా అతను స్నేహితుల కోసం ప్రార్థన చేసినప్పుడే తిరిగొచ్చిందని అదే అధ్యాయం పదో వచనంలో ఉంది. మామ్మకి ఆ వచనం నోటికొచ్చు. ఆ రాత్రి అది గుర్తుచేసుకుని చేసిందని మాత్రం నేననుకోను.

దేవుణ్ణి వ్యక్తిగతంగా ఎరిగున్నామని చెప్పేవాళ్ళని తర్వాత చాలామందినే చూశాను. రాత్రి నాతో మాట్లాడాడు, చెవిలో చెప్పాడు, ఫలానా స్థలం కొనమన్నాడు అంటారు. మామ్మకి ఒక్క దర్శనం రాలేదు. నీతో ఎప్పుడైనా మాట్లాడాడా అని నేనడిగితే, "అన్నీ రాసే పెట్టేడు కదరా, చదువుకోవచ్చు కదా" అనేది. ఆమె చెప్పేది, ఆయన వినేవాడు, అని ఆమె నమ్మకం. జవాబు రాని రోజుల్లో కూడా ఎదురుగా మనిషున్నట్టే మాట్లాడేది. నాకిప్పటికీ నోరు తెరిస్తే "సర్వశక్తిగల దేవా" అనే వస్తుంది. పట్నంలో అపార్టుమెంటు గోడలు పల్చన, పక్కవాళ్ళు వింటారేమోనని బిడియం.

నా సంగతి తర్వాత తేల్చుకుందాం అంది కదా, వదల్లేదు. తుపాను తర్వాత పెరట్లో కొత్త కొబ్బరి మొక్కలు వేశాం. దేశవాళీ రకం, కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పట్టేది. ఆ ఏళ్ళన్నీ తెల్లవారుజామున లెక్క అప్పజెప్పేది. "మూడో మొక్కకి కొమ్ముపురుగు పట్టింది నాయనా." "ఇంకా గెల పడలేదు. చూస్తున్నావా?" నేను సెలవులకి వెళ్ళినప్పుడల్లా ఈ దావా ఎక్కడిదాకా వచ్చిందో వినేవాణ్ణి. ఆఖరికి ఒక చెట్టు కాపుకొచ్చింది. మొదటి కాయలు కోయించి, మందిరానికని గోనెసంచిలో వేయించి, ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో అందరి ముందూ మొదలుపెట్టింది. పిల్లలం, కోడళ్ళు, అల్లుళ్ళు అందరం ఉన్నాం. కృతజ్ఞతా స్తుతులు వింటామని తలలు వంచుకున్నాం.

"ఇచ్చేవు నాయనా, కాదన్ను," అంది. "ఆలస్యంగా ఇచ్చేవు. అది కూడా చెబుతున్నాను."

మా చిన్నత్త ముసుగులోంచి కిసుక్కున నవ్వింది. మామ్మ కళ్ళు తెరవకుండానే ఆమె తొడ మీద ఒక్కటేసి, చంటోడి దగ్గు దగ్గరికి వెళ్ళింది.